పాత మోటారు బండ్ల పునరుద్ధరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున పాత మోటారు బండ్లను గూర్చి ఉపన్యసించుట కొందఱికి వింతగా తోపవచ్చును. పుస్తకము లుండునది బీరువాలో. బండి యుండవలసినది బాటమీద. అయినను ఈ రెంటికిని ఒక పోలిక కలదు. పుస్తకము చదువబడుటకు కూర్పబడినది. బండి నడుపబడుటకు నిర్మింపబడినది. చదువనివారి యింట పుస్తకము చెదలపాలగును. నడుపనివాని కొట్టమున బండి తుప్పుపాలగును. పాతవస్తువును కాపాడుట యనగా దానిని జాగ్రత్తగా దాచిపెట్టుటయే యని లోకులు సామాన్యముగా తలచెదరు. నూఱేండ్లనాటి మోటారు బండ్లను బాగుచేసి నడుపుటయే వేడుకగా గలవారి అనుభవము దీనికి భిన్నముగా నున్నది. వారి విద్య ఎట్టిదో, అందలి చిక్కులెట్టివో, దానివలన మనబోటి గ్రామవాసులు నేర్వదగిన దేమో విచారించుటయే ఈ ప్రసంగ విషయము.

ఇట్టి బండ్లను 'వింటేజి' కార్లని పిలుచుచున్నారు. ఆ మాట ద్రాక్షతోటలనుండి వచ్చినది. ద్రాక్షరసమునుండి తీసిన మద్యము ఏ యేటి పంటదో తెలుపుటకు పాశ్చాత్యులు ఆ పదమును వాడుదురు. మంచి యేటి సరకు పాతబడినకొలది విలువ హెచ్చును గావున ఆ పేరే పాత కార్లకును వచ్చినది. బ్రిటను దేశమున 1919 మొదలు 1930 వఱకు నిర్మింపబడిన వానికే ఆ పేరు చెల్లును. అంతకు ముందటివానికి 'వెటరన్' అనియు, 'ఎడ్వర్డియన్' అనియు వేఱు పేర్లున్నవి. భారతదేశమున 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నిబంధనలనుబట్టి, ఏబది సంవత్సరములు దాటి, అసలు రూపము చెడకుండ నిలిచిన సొంత వాహనములు వింటేజి తరగతికి చెందును.

మోటారు బండి మహానగరముల కర్మాగారములలో పుట్టి పెరిగిన వస్తువని తలచుట పరిపాటి. దాని బాల్యచరిత్రను చూచినచో గ్రామవృత్తులవారి చేయి అందులో ఎంత యున్నదో తెలియును. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను యంత్రశిల్పి తన మూడు చక్రముల మోటారు బండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటునకు దరఖాస్తు చేసెను. కొనువారు లేరు. 1888 ఆగస్టు నెలలో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు తెలియకుండ, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరమునుండి తన పుట్టినింటి ఊరైన ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండిలో బయలుదేఱెను. దూరము సుమారు 106 కిలోమీటర్లు. అంతవఱకు మోటారు బండిలో అంత దూరము పోయినవా రెవ్వరును లేరు.

ఆ ప్రయాణమున జరిగినవి గమనింపదగినవి. ఇంధనము తఱిగిపోగా ఆమె వీస్‌లోక్ అను ఊర మందుల దుకాణములో బట్టల మరకలు తుడుచుటకు అమ్మెడి లిగ్రోయిన్ ద్రవమును కొని పోసెను. ఇంధనపు గొట్టమున మలినము అడ్డుపడగా తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో తొలగించెను. గొలుసు సాగిపోగా దారిలోని కమ్మరి బాగుచేసెను. చెక్కబ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువాడు వానిమీద తోలు బిగించెను. మోటారు బండి చేసిన మొట్టమొదటి దూరప్రయాణము మందుల కొట్టువాని, కమ్మరి, చర్మకారుని సాయముతో పూర్తియైనది. ఆనాటి బండి వారికి అర్థమగు బండి. కంటికి కనబడు భాగములతో, చేతికి అందు పనిముట్లతో బాగుపడు బండి. పాత కార్లమీద ప్రీతి గలవారిని ఆకర్షించునది మొట్టమొదట ఈ గుణమే.

ఇంగ్లండులో ఈ వేడుకకు ఒక ఉత్సవమే యున్నది. 1865లో అచ్చట చేయబడిన చట్టము ప్రకారము గుఱ్ఱములులేని బండి పల్లెలలో గంటకు నాలుగు మైళ్ళను, పట్టణములలో రెండు మైళ్ళను మించి పోరాదు. ఎఱ్ఱజెండా పట్టుకొని ఒక మనుష్యుడు బండికి ముందు నడువవలయును. 1878లో జెండా నిర్బంధము సడలినను మనుష్యుడు ముందు నడచుట తప్పలేదు. 1896లో చట్టము మాఱి గంటకు 14 మైళ్ళ వేగము అనుమతింపబడెను. ఆ సంతోషమున ఆ యేడు నవంబరు 14వ తేదీన మోటారు బండ్లవారు లండనునుండి బ్రైటనునకు ఊరేగింపుగా పోయిరి. 1927లో ఆ ప్రయాణమును స్మరించుచు పాత బండ్లతో మఱల నడిపిరి. నాటినుండి యుద్ధకాలము వంటి కొన్ని సంవత్సరములు తప్ప, ఏటేట నవంబరు నెలలో అది జరుగుచున్నది. 1905 జనవరి 1వ తేదీకి ముందు నిర్మింపబడిన బండ్లకే అందు ప్రవేశము. అది పందెము కాదు. ఎవరు ముందు వచ్చిరను లెక్క లేదు. సుమారు అరువది మైళ్ళు తన చక్రములమీద తాను నడచి గడువులోపల గమ్యము చేరుటయే గౌరవము. అద్దాల గదిలో నిలిపిన బండికి ఆ గౌరవము దక్కదు.

పునరుద్ధరణ విద్యను తెలిసికొనుటకు మంచి ఉదాహరణము ఫోర్డు కంపెనీవారి 'మోడల్ టి' కారు. 1908 మొదలు 1927 వఱకు ఈ బండ్లు కోటి ఏబది లక్షలకు పైగా తయారైనవి. 1913లో అమెరికాలోని హైలాండ్ పార్కు కర్మాగారమున, కదలెడు వరుసమీద బండ్లను కూర్చు పద్ధతి ప్రారంభమయ్యెను. అంతకు మునుపు పండ్రెండున్నర గంటలు పట్టుచుండిన ఛాసీ కూర్పు తరువాత 93 నిమిషములలో ముగియసాగెను. మొదట 850 డాలర్లుండిన టూరింగు కారు వెల 1925 నాటికి 290 డాలర్లకు దిగెను. ఇది సేద్యగాండ్ర బండి. కర్మాగారమునకు ఎంతో దూరముననున్న పల్లెలలో, మెకానిక్కు దొరకని చోట, సొంతదారుడే బాగుచేసికొనునట్లు నిర్మింపబడినది.

దాని ఇంజనునకు నాలుగు సిలిండర్లు. శక్తి ఇరువది గుఱ్ఱములు. పెట్రోలును తోడు పంపు లేదు. పెక్కు నమూనాలలో ముందు సీటు క్రింద తొట్టి యుండి, అందుండి పెట్రోలు పల్లమునకు పాఱినట్లు ఇంజనునకు పాఱును. అందుచే తొట్టిలో పెట్రోలు తక్కువగా నున్నపుడు నిట్టమైన గుట్ట ఎక్కవలసి వచ్చిన బండిని వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో ఎక్కించెడివారు. నీటిని త్రిప్పు పంపును లేదు. వేడినీరు పైకి లేచుట, చల్లనినీరు క్రిందికి దిగుట యను ప్రకృతిధర్మముననే రేడియేటరులోని నీరు తిరుగుచుండును. నూనె చిమ్ముటకును ప్రత్యేకముగ పంపు లేదు. లేని వస్తువు చెడదు గదా! ఆ బండి దీర్ఘాయువునకు ఇది యొక కారణము.

ఇక పునరుద్ధరణ క్రమము. మొదటిది బండిని ఎన్నుకొనుట. భారతమున నలోపాఖ్యానము ఎఱుగనివారు లేరు. ఋతుపర్ణుడు ఒక్కదినమున విదర్భకు పోవలసినపుడు బాహుకుని రూపముననున్న నలుడు సన్ననైన గుఱ్ఱములను ఎన్నుకొనెను. రాజు వానిని చూచి సందేహించెను. నలుడు చూచినది కండ కాదు, సుడులు మొదలైన లక్షణములు. పాత కారును కొనువాడును అట్లే చూడవలయును. మెఱయు రంగు మోసము చేయవచ్చును. నేర్పరి జేబులో గుడ్డచుట్టిన చిన్న అయస్కాంతమును ఉంచుకొనును. రేకుమీద దానిని ఆనించినచో ఇనుము గల చోట అంటుకొనును. తుప్పుతిన్న రంధ్రమును లప్పముతో పూడ్చి రంగు పూసిన చోట జాఱిపోవును. రేకు చినిగినను నష్టము లేదు; ఛాసీ వంకరపోయిన కష్టము. ఇంజను బిగిసిపోయినను నష్టము లేదు. సిలిండరు దిమ్మ పగిలిన కష్టము. ఒక చిన్న భాగము పోయిన చేయించుకొనవచ్చును. అనేక భాగములు పోయినచో వానిని వెదకుటలోనే సగము జీవితము గడచును.

రెండవది విప్పుట. తొందరపాటు ఇచ్చటనే చేటు తెచ్చును. పట్టుదలతో నాలుగు దినములలో బండినంతయు విప్పి, పెట్టెలలో పోసి, తరువాత ఏ మర ఎచ్చటిదో తెలియక విడిచిపెట్టిన బండ్లు ప్రతి దేశమునందును ఉన్నవి. కావున విప్పుటకు ముందే ఛాయాచిత్రములు తీయవలయును. ప్రతి భాగమునకు చీటి కట్టవలయును. ఏది ముందు విప్పబడినదో, దాని వెనుక ఎన్ని బిళ్ళలున్నవో, ఏ మర ఎటు తిరిగినదో దినచిట్టాలో వ్రాయవలయును. చిట్టా సరిగా నున్నగాని ఆవర్జా సరిపడదు. విప్పిన లెక్క సరిగా నున్నగాని కూర్పు సరిపడదు.

మూడవది తుప్పుతో పోరాటము. ఏండ్లతరబడి నిలిచిన ఇంజనులో పిస్టన్లు సిలిండర్ల గోడలకు అతుకుకొని పోవును. బలవంతముగా హ్యాండిలు త్రిప్పిన విఱుగును. స్పార్కు ప్లగ్గులను తీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, దినములు, ఒక్కొక్కప్పుడు వారములు ఊరనీయవలయును. పిమ్మట కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు మెల్లగా కదల్పవలయును. ఓర్పుగలవానికి అది వెండ్రుకవాసి కదలిన నాడు పండుగ. విడిభాగముల తుప్పును తీయుటకు చాకలిసోడా కలిపిన నీటిలో ముంచి విద్యుత్తును పంపు ఉపాయము కలదు. ఇందు మంచి ఇనుము అరిగిపోదు. తుప్పు మాత్రము వదలును.

నాలుగవది అరిగిన భాగములను సరిచేయుట. మోడల్ టి ఇంజనులో క్రాంకు షాఫ్టు తిరుగు చోట్ల బాబిట్ అను తెల్లని లోహము పోయబడి యుండును. అది ముఖ్యముగా తగరమును, అంటిమనీని, రాగిని కలిపిన మిశ్రలోహము. మెత్తని దగుటచే తాను అరిగి షాఫ్టును కాపాడును. అది అరిగిన పిమ్మట కరిగించి మరల పోయవలయును. ఏ వేడిమివద్ద పోయవలెనో, అచ్చును ముందుగా ఎంత కాచవలెనో తెలియకున్న పొక్కులు లేచును. పోసిన పిమ్మట నీలిరంగు పూసి, షాఫ్టును అమర్చి త్రిప్పి, రంగు అంటిన మిట్టలను మాత్రము గోకి, మరల పూసి, మరల త్రిప్పి సరిచేయుదురు. నూతన వాహనములలో బేరింగులు తయారై పెట్టెలలో వచ్చును గనుక ఈ పోతపని ఎఱిగినవారు తగ్గిపోవుచున్నారు. పుస్తకమున ఉన్నంత మాత్రమున ఇది చేతికి రాదు. చేయువాని ప్రక్కన నిలిచి చూడవలయును.

చెక్కపని ఐదవది. ఆ కాలపు కార్లలో అనేకములకు లోపలి చట్రము కలపతో చేసి, దానిమీద రేకు తొడిగెడివారు. మోడల్ టి చక్రములకును పెక్కింటికి చెక్క ఆకులే. ఎద్దుబండి గలవారికి దీని మర్మము తెలిసినదే. ఎండకాలమున కలప ఎండి ఆకులు వదులై చక్రము కిఱ్ఱుమనును. రైతు చక్రములను చెఱువులో నానవేయును. కారు చక్రమునకు ఆ వైద్యము చాలదు. గంటకు ముప్పది మైళ్ళు పోవునపుడు ఆకు వదులైన ప్రాణమునకే హాని. ఆకులను క్రొత్తగా చెక్కించి బిగువుగా కూర్పవలయును. అందువలన పాశ్చాత్య దేశములలో ఎద్దుబండ్లవంటి బండ్ల కాలమునాటి చక్రముల పనివారికి ఈ వేడుకవలన మరల కొంత గిరాకి కలిగినది.

రంగు విషయమునందును చరిత్రజ్ఞానము కావలయును. 1914 మొదలు 1925 వఱకు మోడల్ టి బండ్లు నల్లరంగులోనే వచ్చినవి. 1920వ దశకము మధ్యలో నైట్రోసెల్యులోజు రంగులు వ్యాప్తిలోకి వచ్చువఱకు, మేలుతరపు కార్లకు వార్నీషును కుంచెతో పొరమీద పొర పూసి ఆరబెట్టుచు వారములు గడపెడివారు. 1920 నాటి మోడల్ టి బండికి ఎఱ్ఱని రంగు పూసి మెఱపించినచో చూచువారు మెచ్చుకొనవచ్చును గాని చరిత్ర తప్పినట్లే యగును.

ఇచ్చట ఒక పెద్ద ధర్మసందేహము పుట్టును. చక్రములు మార్చి, బేరింగులు మార్చి, చట్రపు చెక్కలు మార్చి, రేకులు మార్చి, రంగు మార్చిన పిమ్మట మిగిలినది ఆ పాత బండియేనా? ఈ ప్రశ్నకు సమాధానము మన దేవాలయముల రథములే చెప్పుచున్నవి. పూరీ క్షేత్రమున జగన్నాథుని నందిఘోష రథమును పదునాఱు చక్రములతో ఏటేట క్రొత్త కలపతో నిర్మింతురు. అక్కడ నిలుచునది కలప కాదు. కొలతలు, క్రమము, వంశపారంపర్యముగా వచ్చు పనివారి విద్య. ఇతర దేవాలయములలో పెక్కింట ఒకే రథమును తరతరములుగా లాగుదురు. ఇరుసు విఱిగిన ఇరుసు మార్తురు. పలక పుచ్చిన పలక మార్తురు. శిల్పములున్న చెక్కలను మాత్రము ప్రాణమువలె కాపాడుదురు. రెండును భక్తియే, రెండు మార్గములును సాధువులే. కాని మొదటిదానిని చేసి రెండవదియని చెప్పుట అసత్యము.

పాత కార్ల విషయమునను ఇంతే. బాగుచేయువారిలో రెండు పక్షములున్నవి. ఒకరు బండిని కర్మాగారమునుండి వెలువడిననాటి కంటెను మెఱుపుగా చేయుదురు. మఱియొకరు పాత రంగు పెచ్చులూడినను, సీటు తోలు పగిలినను, నిలువగలిగినంతవఱకు నిలిపి, నడకకు కావలసిన భాగములను మాత్రము సరిచేయుదురు. ఈ రెండవ పక్షము కాలక్రమమున బలపడుచున్నది. దాని వాదమునందు సత్యము కలదు. రంగు ఎన్నిసారులైనను పూయవచ్చును. అసలు రంగు ఒక్కసారియే యుండును. దానిని గీకివేసిన పిమ్మట ఆనాటి పనివాని కుంచె జాడ మరల రాదు. తాళపత్రమున అక్షరము మాసినదని పండితుడు తనకు తోచిన పదమును మూలములోనే చేర్చిన ఎంత దోషమో ఇదియు అంత దోషము. మార్చక తప్పనిదానిని మార్చవలయును. మార్చినదానిని వ్రాసి యుంచవలయును. తీసిన పాత భాగమును పాఱవేయక భద్రపఱుపవలయును. ఈ మూడు నియమములను పాటించినవాడు ఏ పక్షమువాడైనను నిందకు పాత్రుడు కాడు.

బండి సిద్ధమైన పిమ్మట అసలు పని ప్రారంభమగును. అది నడుపుట. మోడల్ టి బండిని నేటి కారు నడుపువాడు ఎక్కిన వెంటనే నడుపలేడు. కాలిక్రింద మూడు పెడళ్ళుండును గాని వాని అర్థములు వేఱు. ఎడమ పెడలును పూర్తిగా త్రొక్కిన చిన్న గేరు. సగము త్రొక్కిన ఏ గేరును లేదు. చేతిబ్రేకు ముందునకు త్రోసి పెడలును వదలిన పెద్ద గేరు. నడిమి పెడలు వెనుకకు పోవుటకు. కుడి పెడలు బ్రేకు. వేగము పెంచునది కాలితో కాదు, స్టీరింగు క్రింద కుడివైపునున్న మీటతో. ఎడమవైపు మీట నిప్పురవ్వ పుట్టు సమయమును ముందు వెనుకలు చేయును. హ్యాండిలు త్రిప్పుటకు మునుపు ఆ మీటను వెనుకకు పెట్టనిచో ఇంజను ఎదురుతన్ని చేయి విఱుగగొట్టును. అందుకే ఎడమచేతితో, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపే యుంచి, పైకి లాగవలెనని పెద్దలు నేర్పుదురు. ముందు చక్రములకు బ్రేకులే లేవు. కావున ఇట్టి బండిని నడుపువాడు దూరమునుండియే బాటను చదువవలయును. ముందున్న బండి ఆగిన పిమ్మట ఆగుదమను వానికి ఈ బండి తగదు.

నడుపక నిలిపిన బండి ఏల చెడునో కూడ తెలిసికొనదగినది. ఒక లీటరు పెట్రోలు మండినపుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కినచో ఆ ఆవిరి బయటికి పోవును. నెలకొకసారి ఐదు నిమిషములు మాత్రము ఇంజనును మ్రోగించి ఆపివేసినచో ఆ నీరు ఇంజనులోనే చల్లబడి నూనెలో కలిసి లోహమును తినును. బండిని కాపాడుచున్నానని తలచుచు చంపుట యనగా ఇదియే. ఆపినంతకాలము పూర్తిగా ఆపవలయును. నడిపినపుడు పది మైళ్ళకు తక్కువ కాకుండ నడుపవలయును. నిలువయున్న పెట్రోలు జిగురుగా మాఱి కార్బురేటరు రంధ్రములను మూయును. ఒకే చోట నిలిచిన టైర్లు నేల తాకుచోట చదునగును. ఎలుకలు సీటు దూదిలో కాపురముండి తీగల పైపూతను కొఱుకును. వీనియన్నింటికిని పరమౌషధము వాడుక.

ఇంధనము మాఱుటవలన క్రొత్త చిక్కు కూడ వచ్చినది. 2000 సంవత్సరమున భారతదేశమున సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. మోడల్ టి వంటి బండ్లకు దానివలన బాధ లేదు. పెట్రోలులో సీసము కలుపుట 1923లో గాని మొదలు కాలేదు. ఇథనాలు ఇరువది శాతము వఱకు కలిసిన పెట్రోలు 2023లో అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను ఉబ్బించి మెత్తబఱుచును. కావున పాత బండి గలవారు గొట్టములను, వాషర్లను దానికి తట్టుకొనువానితో మార్చి, తఱచుగా పరీక్షించుచుండవలయును. బండి వెలుపలి రూపమునకు భంగము లేకుండ ప్రాణరక్షణ చేయు ఇట్టి మార్పులు దోషములు కావు.

ఈ విద్య తెలుగుదేశమునకు దూరమైనది కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును నేటికిని చూడవచ్చును. అది రాజవైభవమునకు చిహ్నము. దానికంటెను ఈ ప్రసంగమునకు చేరువైనది మఱియొకటి కలదు. ఇంగ్లండులోని సాల్ఫర్డు పట్టణమున జాన్ మోరిస్ కంపెనీవారు 1914లో నిర్మించిన ఒక అగ్నిమాపక వాహనము నిజాము రాష్ట్ర రైల్వేకు చేరినది. ఊరేగుటకు కాదు, మంటలార్పుటకు. అది నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమున ఉన్నది. కలకత్తానుండి వెలువడు 'స్టేట్స్‌మన్' పత్రికవారు 1964లో ఢిల్లీలో ప్రారంభించిన పాత కార్ల ర్యాలీలలో, నూఱేండ్ల వయస్సు సమీపించినను తన ఇంజనుతో తాను నడచుచు అది పాల్గొన్నది. ఎవరో కొందఱు పనివారు దాని నూనె చూచి, మరలు బిగించి, తరమునుండి తరమునకు అప్పగించుటచేతనే ఇది సాధ్యమైనది.

సంస్థానములు పోయిన పిమ్మట, 1960, 1970 దశకములలో, మంచి కార్లు అనేకములు విదేశముల కొనుగోలుదారులపాలై పోయినవి. ఉన్నవానిని కాపాడుటకు 2021 నాటి నిబంధనలు కొంత తోడ్పడుచున్నవి. వాని ప్రకారము వింటేజి వాహనమునకు 'వి.ఎ.' అక్షరములు గల ప్రత్యేకమైన నంబరు ఇయ్యబడును. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు; అది పదేండ్లు చెల్లును. మరల చేయించుటకు 5,000 రూపాయలు. ప్రదర్శనలకును, ర్యాలీలకును, మరమ్మతునకును, ఇంధనము నింపుకొనుటకును బాటమీదికి తీసికొనిపోవచ్చును; నిత్యవ్యవహారమునకు గాని, బాడుగకు గాని నడుపరాదు. చట్టము సైతము ఈ బండ్లు బాటమీదికి వచ్చుటకు దారి విడిచినది.

ఇది ధనవంతుల విలాసము, పల్లెవాసులకు దీనితో పనియేమి యను ఆక్షేపణ రావచ్చును. అందు కొంత నిజము కలదు. కోట్ల రూపాయలు పోసి కొని, మేడక్రింద దాచి, వెల పెరుగుటకై ఎదురుచూచువారు లేకపోలేదు. వారికి కారు బంగారపు కడ్డీతో సమానము. వారిని గూర్చి ఈ ప్రసంగము లేదు. సెలవుదినమున చేతులకు మసి పూసికొని, పాడైన ఒక్క భాగమును బాగుచేయుటకు నెలలు వెచ్చించు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పనివారు అనేక దేశములలో ఉన్నారు. పాత స్కూటరుతోనో, నూనె ఇంజనుతోనో, తాత త్రొక్కిన కుట్టుయంత్రముతోనో ఈ విద్య ఆరంభము కావచ్చును. సూత్రము లన్నింటికిని ఒక్కటే: ఓర్పు, లెక్క, వాడుక.

గ్రంథాలయమునకు ఈ విద్యతో గల సంబంధమును చెప్పి ఈ ప్రసంగము ముగియును. పాత కారును బాగుచేయువానికి సుత్తెకంటె ముందు కావలసినది పుస్తకము. ఏ భాగమునకు ఎంత కొలత, ఏ మరకు ఎంత బిగువు అనునవి ఆనాటి కంపెనీలు అచ్చువేసిన పనిపుస్తకములలోను, విడిభాగముల పట్టికలలోను ఉండును. ఫోర్డువారు 1925లో ప్రకటించిన మరమ్మతు పుస్తకమును మోడల్ టి గలవారు నేటికిని ముందు పెట్టుకొని పనిచేయుచున్నారు. ఇంగ్లండులో బ్యూలీ యను గ్రామమున 1952లో స్థాపింపబడిన మోటారు మ్యూజియమునకు అనుబంధముగా గ్రంథాలయము కలదు. బండ్ల ప్రక్కనే వాని పుస్తకములను భద్రపఱచిరి. కంపెనీలు మూతబడినవి, పనివారు గతించిరి, పనికిరాదని ఎవరును చూడని ఒక పట్టిక నేడు ఒక యంత్రమునకు ప్రాణదాత యగుచున్నది.

కావున సభాసదులకు ఒక మనవి. ఈ గ్రంథాలయము బీరువాలలో కవిత్వముతోపాటు పనిపుస్తకములకును చోటుండవలయును. నూనె ఇంజనుతోను, పంపుతోను, ట్రాక్టరుతోను వచ్చిన చిన్న పుస్తకములను పొట్లములకు చింపక గ్రంథాలయమునకు ఇయ్యవలయును. అచ్చులో లేని విద్య మఱియొకటి కలదు. చక్రమునకు పట్టా ఎంత కాచి తొడుగవలయునో కమ్మరికి తెలియును. ఆకును ఏ వాలున చెక్కవలయునో వడ్రంగికి తెలియును. దీనిని ఎవరును వ్రాయలేదు. గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకమును ప్రత్యేకించి, చదువుకొన్న పిల్లలు ఆ వృద్ధుల యొద్దకు పోయి, వారు చెప్పినది చెప్పినట్లు, కొలతలతో వ్రాసికొని, తేదీ వేసి అందు ఎక్కించినచో అది ఈ రజతోత్సవమునకు తగిన కార్యమగును. స్వర్ణోత్సవము నాటికి ఆ వృద్ధులు ఉండరు. ఆ పుస్తకము ఉండవచ్చును. దానిని తెఱచి, చదివి, చేయి కలుపువాడు ఒక్కడైన ఉన్నచో విద్య నిలుచును.

శుభమస్తు.